మోగే వాల్వు

...అసలు చప్పుడు లేకపోవడమే మంచి చప్పుడని వీళ్ళకెవరు చెప్పారో. పాటలు వినే పిచ్చివాళ్ళ క్లబ్బులో అందరిదీ అదే మాట. పాట వెనకాల అంతా నల్లగా ఉండాలట. మాస్టారికి ఆ నలుపంటేనే భయం.

మేడ మీది గదిలో, చెక్క పలకల నేల మీద, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడాయన. ఎదురుగా, నేల మీదే, ఆంప్లిఫయర్. దాని నెత్తిన పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వు ఒకటి నారింజరంగులో వెలుగుతోంది.

భార్య పళ్ళెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పక్క గది తలుపు ముందు పొద్దున పెట్టిన పళ్ళెం ముట్టకుండా అలాగే ఉంది. అది తీసి ఇది పెట్టింది. ఇటొచ్చి, ఆయన చెవి మీది హెడ్‌ఫోను పక్కకి లాగి, గొంతు తగ్గించి అంది:

"కూతురు బతకనంటోంది. మీకేమో పాటలు. మీ గుండె కూడా గాజుదేనా?"

ఆయన హెడ్‌ఫోను సరిచేసుకున్నాడు.

బిడ్డ పోయాక పుట్టింటికి వచ్చిన కూతురు. ఆమె దగ్గరున్న నిద్రమాత్రలు వీళ్ళు తీసి దాచేసిన రోజున, లోపల్నించే ఒక్క మాట చెప్పింది. "నేను ఉన్నానో లేనో అని తలుపు దగ్గరికొచ్చి కాపలా కాస్తే వెళ్ళిపోతాను నాన్నా. ఎక్కడికని అడక్కు."

అప్పటినుంచి ఆ తలుపు ఎవరూ తట్టలేదు. చూస్తే పోతుంది. చూడకపోయినా పోతుంది. ఆయన బుర్ర ఈ రెండు మాటల మధ్యే గానుగెద్దులా తిరుగుతోంది.

మధ్యాహ్నం గడియారాలు బాగుచేసే మిత్రుడొచ్చాడు. ఆయనదీ ఇదే పిచ్చి.

"ఇదేంటి మాస్టారూ, ఇంత మంచి పెట్టెని నేల మీద పడేశారు? క్లబ్బువాళ్ళు చూస్తే వెలేస్తారు మిమ్మల్ని!"

ఖాళీగా పడి ఉన్న తీగకి తన ఫోను తగిలించి, పాట పెట్టుకుని విన్నాడు. మొహం చిట్లించాడు. పెన్సిలు చివరతో వాల్వుని మెల్లగా తట్టాడు.

"బాబోయ్, గంట మోగినట్టుంది. కాస్త అదురు తగిలితే చాలు, చెవిలో ఊదేస్తోంది. ఇది చెడిపోయిందండీ. దీంతో పాటేం వింటారు?"

"అలవాటైపోయింది. ఉండనీ."

"పంటినొప్పి కూడా అలవాటవుతుంది. అలాగని ఉంచుకుంటామా?"

కింద నుంచి భార్య పిలిచింది. గ్యాసు సిలిండరు మార్చి ఆయన పైకి వచ్చేసరికి మిత్రుడు పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఆంప్లిఫయర్ కింద మెత్తటి రబ్బరు బిళ్ళలు. పైన కొత్త వాల్వు.

"నా దగ్గరున్న వాటన్నిట్లోకీ మంచిది. మీకే ఇచ్చేశాను, కాదనకండి. పాతది చేతిలో జారి పగిలింది లెండి, పీడ వదిలింది. ఇక వినండి, పిడుగు పడ్డా ఇందులో వినపడదు!"

మాస్టారు నేల మీది గాజుపెంకుల వైపు చూస్తూ నిలబడ్డాడు. సంతోషంతో మాట రావడం లేదనుకుని, మిత్రుడు ఆయన భుజం తట్టి, ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. శబ్దం పెంచే మీట చివరిదాకా తిప్పాడు.

నలుపు.

రబ్బరు బిళ్ళలు పీకేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు.

అదే నలుపు.

ఇన్నాళ్ళూ ఏ పాటా పెట్టుకోకుండా, పలకల మీదుగా పాత వాల్వులోకి చేరే కూతురి అడుగుల చప్పుడొక్కటే వింటూ కూర్చున్న ఆ తండ్రి, హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టి, వెళ్ళి పక్క గది తలుపు తట్టాడు.