లోపలి మడత

“ఇది వేసుకుని ఒక్క ఫొటో దిగండి తెరేసమ్మ గారూ,” అంటూ నిఖిలేష్ కొత్త టీషర్టు ఆమె చేతిలో పెట్టాడు.

దాని మీద, మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక పోయిన ఆమె భర్త అబ్రహాము ముఖం ఉంది. కింద ‘నన్ను దింపిందెవరు?’ అన్న ప్రశ్న. బొమ్మ గీసింది నిఖిలేషే. బెజవాడ కుర్రాళ్ళు ఎగబడి కొన్నారు.

“ఇయ్యి నా దగ్గర మూడున్నాయి బాబూ.”

“కొన్నారా?”

“నేను పనిచేసే ఇళ్ళల్లో ఇచ్చారు. పాతబడ్డాయంట, తడిగుడ్డ పెట్టడానికి వాడుకోమన్నారు.”

నిఖిలేష్ గతుక్కుమన్నాడు. “మరి మీరు...?”

“అమ్మగార్లకి ఏం చెప్పను? ఆయన ముఖం నేలకి తగలకుండా లోపలికి మడిచి తుడుస్తన్నా.”

నిఖిలేష్ ఫోను తీశాడు.

“ఆ మడవడం ఒక్కసారి చూపిస్తారా అమ్మా? వెలుతురు బాగుంది.”