పెన్సిలు బొమ్మ

మౌస్ మీద పరాయి చెయ్యి పడేసరికి త్రినాథ్‌కి ఒళ్ళు మండిపోయింది.

అది అతని చెల్లెలు సుహాసిని కూర్చున్న కంప్యూటరు. విజయనగరంలో ఓ ప్రైవేటు కాలేజీ, టైపింగు పరీక్ష హాలు. రకరకాల ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు వరసల్లో కూర్చుని, అసలు పరీక్షకి ముందిచ్చిన కాసేపట్లో వేళ్ళు ఆడించుకుంటున్నారు.

సుహాసినికి చూపు బాగా తక్కువ. అలాంటివాళ్ళ కోసం జిల్లా మొత్తానికి ఒకే ఒక్క పోస్టు వదిలారు. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. ఇది పోతే ఇంక లేదు.

తోడు ఉండొచ్చన్నారని త్రినాథ్ ఆమదాలవలస నుంచి పొద్దుటి రైల్లో వెంట వచ్చి, ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు.

అతనికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అప్పటికే అది కుతకుతలాడుతోంది. తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఇంట్లో కంప్యూటరుకి కొన్నచోటే పెద్దక్షరాలు పెట్టి ఇచ్చారు. ఇక్కడ అవెక్కడుంటాయో అన్నకీ తెలీదు, చెల్లికీ తెలీదు.

హాలు చూసుకునే నరసింగరావుని అడిగితే, "కాస్త దగ్గరికి జరిగి చూసుకోమనండి" అన్నాడు.

చూపు లేనివాళ్ళకి పరీక్ష పెట్టినవాడు అనాల్సిన మాటేనా అది?

ఆ మాటలు విని కాబోలు, ఎటునుంచో ఒకావిడ వచ్చింది. ఇస్త్రీ చీర, భుజాన సంచి, ఏ లెక్చరరో అనిపించే తీరు. "ఒక్క నిమిషం తల్లీ" అంటూ సుహాసిని చేతిలోంచి మౌస్ తీసుకుంది. పిల్లకి అడ్డంగా వంగి, మొహం తెరకి తగిలేటంత దగ్గరగా పెట్టింది.

"ఏటమ్మా, ఎవలు నువ్వు? నీ ఇంట్లో టీవీయేటి, అలగ మీద పడిపోతన్నావు?"

"సిన్న పనే బాబు. ఈ కుడేపు కింద మూలన నొక్కితే సిన్న మెనూ వస్తాది. అందులో పెద్దది సేసి సూపించే బొత్తాం ఉండాల. ఎవలో తీసేసినారు. ఈ పెన్సిలు బొమ్మ నొక్కి మళ్ళీ పెట్టుకుంటే..."

"నిన్ను అడిగినామా?"

ఆవిడ వినిపించుకోలేదు. ఏదో నొక్కింది, ఇంకేదో చేర్చింది. తెర మీదున్నదంతా ఒక్కసారిగా ఉబ్బి పక్కకి జారిపోయింది.

"అన్నయ్యా, ఏటో అయిపోనాది" అంది సుహాసిని బెదిరిపోయి.

అంతే. హాలంతా తలలు తిప్పేలా అరిచాడు త్రినాథ్. "సార్, ఇలగ రండి. ఈవిడెవలో మా సెల్లి కంప్యూటరు పాడు సేసేసినాది."

నరసింగరావు గబగబా వచ్చాడు. "ఈవిడ ముట్టుకుందా? మీరు చూశారా?"

"నా కళ్ళతో సూసినాను. బయటికి పంపుతారా, కంప్లయింటు రాసిమ్మంటారా?"

నరసింగరావు ఆవిణ్ణి గుమ్మం దాకా తీసుకెళ్ళి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. ఆవిడా ఏదో చెప్పబోయింది. ఆయన అడ్డంగా తలూపాడు.

సుహాసిని అన్న చొక్కా పట్టుకుని లాగింది. "అన్నయ్యా, ఆగు. కనిపిస్తన్నాది. అచ్చరాలన్నీ బాగా కనిపిస్తన్నాయి."

నెత్తికెక్కిన కోపం అంత తొందరగా దిగుతుందా? "కనిపిస్తే నీ పని నువ్వు సూసుకో" అన్నాడు. ఇంతలో బెల్లు కొట్టి, తోడొచ్చినవాళ్ళని బయటికి పంపేశారు.

వరండాలో ఉన్నది ఒకటే బెంచీ. దానిమీద ఆవిడే కూర్చునుంది. త్రినాథ్ ఈ చివర కూర్చుని మొహం తిప్పుకున్నాడు.

"సెల్లికి అచ్చరాలు అందుతన్నాయా బాబు?"

అతను వీపు కూడా తిప్పేశాడు.

"ఆ మెనూ గురుతు పెట్టుకోమను. రేపు ఉజ్జోగంలో ఏ కంప్యూటరు ఇచ్చినా, ముందు అది తనకి కావలసినట్టు సర్దేసుకుంటే మరి ఒకల్ని అడగక్కర్నేదు."

"నీ పాఠాలు ఆపమ్మా. పరాయోల్ల దాని మీద సెయ్యేసినందుకే కదా బయటికి తోసినారు. ఇంకా బుద్ధి రానేదా?"

ఆవిడ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. కాసేపటికి సంచి సర్దుకుని లేచింది.

"స్టేషనుకి ఆటోలు ఎటేపు ఆగుతాయి బాబు?"

"కళ్ళు కనబడవేటి? ఎదురుగానే ఉన్నాయి కదా."

"సరే నాయినా" అని ఆవిడ రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది.

పరీక్ష అయ్యాక సుహాసిని బయటికొచ్చింది. చాలాకాలానికి ఆమె మొహం వెలుగుతోంది.

"మొత్తం కొట్టేసినానన్నయ్యా. మార్కులు తెర మీదే వచ్చినాయి. గట్టెక్కేసినాను. ఆవిడేది? దండం పెట్టుకోవాల."

త్రినాథ్‌కి మొదటిసారి సిగ్గేసింది. రోడ్డు వైపు చూశాడు. ఆవిడ లేదు. కాగితాలు పట్టుకుని బయటికొస్తున్న నరసింగరావుకి ఎదురెళ్ళాడు.

"సార్, ఆవిడెవలు? ఏ కాలేజీలో పన్జేస్తాది? తప్పుగా మాటాడేసినాను. ఎల్లి సెప్పుకోవాల."

నరసింగరావు అతన్ని వింతగా చూశాడు.

"ఇంకా తెలీదా మీకు? ఒకళ్ళ కంప్యూటరు ఇంకొకళ్ళు ముట్టుకుంటే, ముట్టుకున్నవాళ్ళ పరీక్ష రద్దు, అది రూలు. మీ చెల్లెలి పోస్టుకి ఇద్దర్నే పిలిచారు, మీరు బయటికి పంపించిందే ఆ రెండో ఆవిణ్ణి."