పెద్ద తెర

...అయినా, పెద్ద తెర మీద చూడమని అనడంలో ఎగతాళి కాక ఇంకేముంది?

తన పగిలిన ఫోను, తన మసకబారిన కళ్లు. రెండూ చూసే అన్నదామె.

అలా అనుకుంటూనే జమీలా ప్రొద్దుటూరులో ట్యాబులమ్మే షాపు గాజు తలుపు నెట్టింది.

ఆ మాట అన్నామె పేరు పర్వీన్. మైదుకూరు మనిషి. కువైట్‌లో జమీలా కూతురు ఆర్షియా పనిచేసే ఇంట్లోనే వంట చేసేది. నెల కిందట సెలవు మీద వచ్చి, ఒక మధ్యాహ్నం జమ్మలమడుగులో, జమీలా కట్టుకుంటున్న మిద్దె సగం లేచిన గోడల ముందు నిలబడింది.

"నేనింక ఆడికి పోనక్కా. నీ బిడ్డను గూడా రమ్మను. పనికి ఒప్పుకున్న గడువు అయిపోయినాది. నీ నోటెంట ఒక్క మాట వస్తే సాలు, వచ్చేస్తాది."

"దానికేమైంది? బాగుండానంటాంది గదా?"

"సిన్న ఫోన్లో అందరూ బాగుంటారక్కా. పెద్ద తెర మీద సూడు."

జమీలాకు అప్పుడే అర్థమైంది. కువైట్‌లో పనికి మంచి ఇల్లు దొరికిందంటే ఆ చోటు కోసం ఎందరు కాచుకొని ఉంటారో ఆమెకు తెలియనిది కాదు. ఆర్షియాను అక్కడ నుంచి లేపి, తన వాళ్లనెవరినో పెట్టుకోవాలని వచ్చింది ఈ మనిషి.

"నా బిడ్డ కూటి మీద కన్నేసినావా?"

ఎండలో వచ్చిన మనిషి ఎండలోనే వెళ్లిపోయింది. జమీలా నీళ్లు కూడా ఇవ్వలేదు.

ఆమె చెప్పింది అబద్ధమని తేల్చుకోవడానికే ఇప్పుడీ షాపుకు రావడం. కూతురి ముఖం ఒక్కసారి పెద్దగా, బాగా కనిపిస్తే చాలు. లోపల ముల్లులా కదిలే ఆ మాట ఆగిపోతుంది.

వెంట వచ్చిన తమ్ముడు ఇలియాస్‌కు మాత్రం ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. ఆర్షియాకు కువైట్‌లో ఆ ఇంటి పని కుదిర్చింది అతడే.

"ఉండే ఫోను సాలదా నీకు? టీవీ మాదిరి ఇదెందుకు?"

"కండ్లు కనపడల్యా నాకు."

"అట్లయితే కండ్ల డాక్టరు కాడికి పోవల్ల. ట్యాబు అంగడికి కాదు."

కౌంటర్ వెనక షాపు కుర్రాడు వివేక్ నవ్వుతూ ట్యాబ్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"పట్టుకో అక్కా. కరవదు."

"రొట్టెల పెనమంత ఉండాదే!"

చల్లగా, పలుచగా ఉంది. వేలు తగలగానే బొమ్మ జారిపోయింది. జమీలా భయపడి చెయ్యి తీసేసింది.

"పగలదులే. ఇంగొకసారి రుద్దు."

ఈసారి గండికోట లోయ వచ్చింది. కొండ అంచున రాయికీ రాయికీ మధ్య మొలిచిన గడ్డి కూడా కనిపించింది. ఇంటికి అంత దగ్గరున్న లోయను ఆమె ఇలా ఎప్పుడూ చూడలేదు.

"ఈడ కొనేటోళ్లంతా ముందు కువైట్‌లో ఉండే తమోళ్లకు చూపిస్తారక్కా. ఆన్నుంచి సరే అన్యాకే బిల్లు. మీ పాప గూడా ఆడే ఉండాదంటివి గదా, చెయ్యి, మీ ఫోను దీనికి కలిపినా."

"ఇప్పుడు పనిలో ఉంటాది. వద్దు," అన్నాడు ఇలియాస్.

అప్పటికే మోగుతోంది.

ఆర్షియా ముఖం తెర నిండా వచ్చింది.

"మా! బాగుండావా?"

"బాగుండానే. నువ్వు?"

"నాకేమి? శానా బాగుండా."

అదే మాట. అదే నవ్వు. ఫోనులో ఎప్పుడూ నవ్వే కనిపించేది. ఇక్కడ నవ్వు చుట్టూ ముఖం కూడా ఉంది. కళ్ల కింద గుంటలు. పగిలిన పెదవులు. జారిన ఓణీ పక్కన, చీలి మళ్లీ అతుక్కున్న చెవి తమ్మె.

"ఆ చెవికేమైంది పాపా?"

ఆర్షియా ఓణీ పైకి లాక్కుంది. "ఏం ల్యా మా. కమ్మ తగులుకున్యాది."

"తగులుకున్యాదా? ఎవురన్నా లాగినారా?"

ఇలియాస్ చెయ్యి తెర మీదికి వచ్చింది. "సిగ్నలు సరిగా ల్యా. పెట్టేద్దాం."

జమీలా ట్యాబ్‌ను పక్కకు జరుపుకుంది. ఆర్షియా పట్టుకున్న ఓణీ అంచు వదిలేసింది.

"మామకు అప్పుడే చెప్పినా మా. మిద్దెకు కప్పు పడేదాకా ఓర్సుకోమన్యాడు. నీకు చెప్పొద్దన్యాడు."

జమీలా తమ్ముడి వైపు చూసింది. అతడు గోడకు వేలాడే ఫోను కవర్లను చూస్తున్నాడు. చిన్నప్పుడు ఆమె చిటికెన వేలు పట్టుకుని నడిచినవాడు. మోసపోయానన్న కోపం వచ్చింది. దాని అడుగున ఇంకేదో కూడా కదిలింది. ఇన్నాళ్లూ మోసపోవడం తనకు హాయిగానే ఉండింది.

అప్పుడు ఆర్షియా వెనక ఎవరో కదిలారు. బట్టల గుట్ట పక్కన ఒకామె వంగి ఇస్త్రీ చేస్తోంది. చిన్న ఫోనులో అయితే అదొక మరక.

ఆమె తలెత్తింది.

పర్వీన్.

ఒక్క క్షణం జమీలాకు గెలిచినట్టు అనిపించింది. చూశావా, పోనని చెప్పి ఆ ఇంట్లోనే ఉంది!

"ఆమె ఆడ ఏం చేస్తాంది?"

ఆర్షియా వెనక్కి చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు నన్ను రమ్మన్లేదంట గదా మా. ఒక్కదాన్నే ఉండానని మళ్లా వచ్చింది. ఆ ఇస్త్రీ నా పని. నన్ను చెయ్యనీదు."

"అక్కా, ఇంటికి పోయి మాట్లాడుకుందాం పా," అన్నాడు ఇలియాస్.

జమీలా తల మీద కొంగు సర్దుకుంది. రెండు చేతులతో ట్యాబ్ ఎత్తి, ఆ వెనకనున్న మనిషికి కూడా వినపడేలా అంది.

"వచ్చేయండి పాపా. ఇద్దరూ."