డీజిల్ రాని పొద్దు

సెల్ఫ్ కొడితే లారీ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

రంజిత్ మళ్లీ కొట్టాడు. ఈసారి ఆ దగ్గు కూడా లేదు.

"ఆపు. బ్యాటరీ ఖతం చేస్తవా ఏంది?" అన్నాడు కనకరాజు బండి కింది నుంచి. ఎల్బీ నగర్‌లో అతనికి మెకానిక్ షెడ్డుంది. ఈ లారీకి మొదటి నుంచీ అతనే వైద్యుడు.

ఇంటి గడపలో స్వరూపరాణి గిన్నె పట్టుకుని నిలబడింది. గిన్నెలో మెత్తగా పిసికిన పెరుగన్నం. లోపల మంచం మీద అత్త కౌసల్యమ్మ. కాళ్లు పడిపోయాయి, చూపు మసకేసింది, మతిమరుపు ముదిరింది. పొద్దుటి మాట సాయంత్రానికి ఉండదు. పెద్దకొడుకు బాలరాజ్ లారీని మాత్రం మరవలేదు. పొద్దున్నే అది స్టార్టయి సందు మలుపు తిరిగిన చప్పుడు వినాలి. వింటేనే నోట్లో ముద్ద. లారీ కొన్ననాటి నుంచీ అదే పట్టింపు, ఎవరు చెప్పినా వినదు.

ఇవాళ స్వరూపరాణి ఒక పొరపాటు చేసింది. ఎట్లాగూ స్టార్టయ్యే బండే కదా అని అత్తకు షుగర్ సూది ముందే వేసేసింది. సూది పడ్డాక అరగంటలో కడుపులో ఏదో ఒకటి పడాలి. లేకపోతే మనిషే దక్కదని దవాఖానలో నర్సు గట్టిగా చెప్పి పంపింది.

భయపడాలి అనుకుంది స్వరూపరాణి. భయం రాలేదు. కొంతకాలంగా ఆమెకు ఏడుపూ అంతే, కోపమూ అంతే. పిలిచినా రావు.

"స్వరూపా, బాలరాజ్ ఇంక పోలేదా?" లోపలి నుంచి కౌసల్యమ్మ.

"డీజిల్ వస్తలేదంట అత్తమ్మా. చూస్తున్నరు."

"టైరు కింద నిమ్మకాయ పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు. జర ఈ చక్కెర నోట్లె ఏస్కో."

కౌసల్యమ్మ మొహం తిప్పుకుంది. "బిడ్డ బయలెల్లకముందే నేను నోరు తీపి చేసుకుంటనా? నీకేమన్న మతి పోయిందా?"

మతి ఎవరికి పోయిందో ఆ ఇంట్లో ఎవరూ వాదించరు. స్వరూపరాణి చెంచా పక్కన పెట్టింది.

బయట కనకరాజు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతున్నాడు. నురగ వచ్చింది. డీజిల్ రాలేదు.

"ఎయిర్ పట్టింది," అన్నాడు. కొట్టీ కొట్టీ గాలంతా తీశాడు. గాలి పోయింది, దాని వెనక రావాల్సింది మాత్రం రాలేదు. చివరికి టాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, నోట్లో పెట్టుకుని ఊదాడు. టాంకులో బుడబుడమని చప్పుడు రావాలి. రాలేదు. పైపు వదిలేసి డీజిల్ ఉమ్మాడు.

"టాంకు అడుగున జల్లెడ జాలీ మొత్తం బురదతోని మూసుకపోయింది. రోజు లీటర్, లీటర్ పోస్తే గట్లనే అయితది మరి. నిలవ డీజిల్ల నీళ్లు దిగుతయి."

"టాంకు దించాల్నా అన్నా?" అన్నాడు రంజిత్. బాలరాజ్ తమ్ముడు, స్వరూపరాణికి మరిది. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల షాపులో పని, ఈపాటికే షట్టర్ ఎత్తాల్సినవాడు.

"దించితే పగటాల పన్నెండయితది."

పై వాటాలో కిరాయికుండే సూర్యప్రభ పిట్టగోడ మీంచి వంగింది. గుడివాడ వైపు మనిషి. "ఏవండీ స్వరూపగారూ, ఇవాళ ఇంకా చప్పుడు లేదేంటండీ? మావాడు దానికే లేస్తాడు. కోచింగ్‌కి లేటయిపోతున్నాడు."

"వస్తదండి," అంది స్వరూపరాణి. సూర్యప్రభ కింద ముగ్గురినీ ఓసారి చూసి లోపలికి పోయింది.

స్వరూపరాణి మళ్లీ గదిలోకి వెళ్లింది. అత్త నుదుటి మీద చెమట. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. చక్కెర నీళ్లు పెదాలకు ఆనించి చూసింది. ముసలామె పళ్లు బిగించింది. ప్రాణం మీదికొచ్చినా ఆ పంతం వదిలేలా లేదు.

బయటికొచ్చింది. "కనకరాజన్నా, అత్తమ్మకు చెమటలు పడ్తున్నయి," అంది. పాలవాడు వచ్చాడని చెప్పినట్టు చెప్పింది.

కనకరాజు ఆమె మొహం చూశాడు. "రంజిత్, డీజిల్ క్యాన్ అందుకో."

క్యాన్‌ను క్యాబిన్ పక్కన ఎత్తుగా తాడుతో కట్టాడు. రబ్బరు పైపు ఒక కొస క్యాన్‌లో, రెండో కొస నేరుగా ఇంజన్ పంపుకి. టాంకు ఊసే లేదు. మళ్లీ గాలి తీశాడు. బొట్లు బొట్లుగా వచ్చింది, తర్వాత బుడగల్లేకుండా ధార కట్టింది.

"గిట్ల నడుస్తదా అన్నా?"

"మనకెంత నడవాల్నో అంత నడుస్తది. నువ్వు ఎక్కు."

సెల్ఫ్ పడింది. దగ్గింది. ఆగిందనుకునేలోపు అందుకుంది. ఇంటి పక్క ఖాళీ ప్లాటంతా నల్లపొగ, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

స్వరూపరాణి గిన్నెతో లోపలికి పరుగెత్తి మంచం పక్కన కూర్చుంది. చప్పుడు పెద్దదయింది. మూడు హారన్లు మోగాయి. కౌసల్యమ్మ మొహం ఆ దిక్కుకి తిరిగింది. తర్వాత చప్పుడు మెల్లగా తగ్గింది, సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఇక వినిపించలేదు.

"మలుపు తిరిగిండు. పైలంగ పోయిరానీ," అని కౌసల్యమ్మ నోరు తెరిచింది.

స్వరూపరాణి ముందు చక్కెర నీళ్లు పోసింది. తర్వాత ముద్ద పెట్టింది. అత్త నమిలి మింగింది. ఇంకో ముద్ద పెట్టింది.

కిటికీ అవతల, యాక్సిలరేటర్ మీది కాలు మెల్లమెల్లగా తీసి ఇంజన్ ఆపిన రంజిత్ కిందికి దిగి, అన్న చనిపోయిన ఏడాదే చక్రాలు ఊడదీసి అమ్మేసిన లారీ కింద సిమెంటు దిమ్మెలు కదిలాయేమోనని వంగి చూశాడు.