క్లారినెట్ గదిలో బ్యాటరీ

“ఈ గది తలుపు మూయకూడదు సార్,” అన్నాడు బ్యాటరీ మెకానిక్, ఇన్వర్టర్ బ్యాటరీ ముందు గొంతుక్కూర్చున్నవాడు లేవకుండానే. “కిటికీ కూడా తీసే ఉంచాలి.”

పెద్దాయన ఒళ్ళో ఉన్న క్లారినెట్‌ను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

ఆ ఇంట్లో ఆయన వాయించుకోవడానికి అనుమతి ఉన్నది ఈ సామాన్ల గదిలోనే, అదీ తలుపూ కిటికీ బిగించుకుంటేనే. ఏడాదిగా నేర్చుకుంటున్నా వచ్చింది ఒకటే పాట, అందులోనూ సగం. అయినా భార్య పోయాక సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కదలని గడియారం, ఈ వాయిద్యం పట్టుకున్నాకే కదిలింది.

“మూస్తే ఏమవుతుంది నాయనా?”

“ఛార్జింగప్పుడు లోపలి నీళ్ళు విడిపోయి గ్యాస్ అవుతాయి. గాలి ఆడకపోతే ఆ గ్యాస్ గదిలోనే పోగవుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.”

“నాకు బీడీ అలవాటు కూడా లేదే.”

“స్విచ్ వేసినా రవ్వ పుట్టొచ్చు సార్. పైగా ఇది నీళ్ళు తెగ తాగుతోందట కదా. అంటే గ్యాసూ అంతకంత వదులుతోందన్నమాట.”

“నెలకి రెండు సీసాల డిస్టిల్డ్ వాటర్,” అంది గుమ్మంలోంచి కోడలు. “ఒంటె నయం.”

“అయితే తలుపు తీసే వాయిస్తానమ్మా.”

“నాదేం లేదు మావయ్యగారూ. మీ అబ్బాయి ఇల్లొదిలి పారిపోతే మాత్రం పూచీ నాది కాదు.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మూస్తే గ్యాసుకు కోపం, తీస్తే ఇంటిల్లిపాదికీ కోపం. పెద్దాయన పైకప్పు వంక చూశాడు.

“పోనీ, డాబా మీద వాయించుకుంటాను. తెల్లవారుజామునైతే చల్లగా ఉంటుంది.”

మెకానిక్ చేతిలో స్పానర్ ఆగింది.

“డాబా మీదా? వద్దు సార్. మంచు మీకూ పడదు, ఆ చెక్కకీ పడదు.”

తన వాళ్ళెవరికీ లేని ఈ పట్టింపుకు పెద్దాయన కరిగిపోయాడు. అడక్కుండానే క్లారినెట్ పెదవులకు తగిలించి ఆ సగం పాటా వినిపించాడు. మెకానిక్ కళ్ళు మూసుకుని విన్నాడు.

“రోజూ ఉంటుందా సార్?”

“ఒక్క పూట మానను.”

“ఎంతసేపు?”

“రెండు గంటలు.”

మెకానిక్ చొక్కా చేతులు పైకి మడిచాడు.

అవసరానికి మించి పెట్టిన ఛార్జింగును తగ్గించాడు. దుమ్ముతో పూడిపోయిన గాలిరంధ్రాలు శుభ్రం చేశాడు. ఆవిరి చల్లబడి మళ్ళీ చుక్కలుగా లోపలికే జారే కొత్త మూతలు బిగించాడు. అంత బరువు బ్యాటరీనీ పొట్టకు ఆనించుకుని, రొప్పుతూ, నాలుగు వైపులా గాలి వీచే వెనక బాల్కనీకి చేర్చి, ఎండ తగలకుండా రేకు కప్పాడు. వైరు కోసం గోడకు చేసిన కన్నంలో మిగిలిన సందును సిమెంటుతో పూడ్చాడు. అంతటితో ఊరుకోక, తలుపు అంచుల చుట్టూ మెత్తటి స్పాంజి పట్టీ అంటించడం మొదలెట్టాడు.

“గ్యాస్ బెడద తీరిందిగా, ఇదెందుకయ్యా?”

“ఉండనివ్వండి సార్. ఇక తలుపు మూసుకుని ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా వాయించుకోండి.”

సాయంత్రం కోడలు పర్సు తీస్తే మెకానిక్ చేతులు జోడించాడు.

“వద్దమ్మా. నా సొంత పనే అనుకుని చేశాను.”

అతను సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పెద్దాయనకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు తన పాటకు ఒక మనిషి దొరికాడు. ఆదివారం వచ్చి తీరిగ్గా వినమని పిలవాలనిపించి, క్లారినెట్‌తోనే మెట్ల దగ్గరికి పరుగెత్తాడు.

మెకానిక్ కిందికి దిగలేదు. మెట్లెక్కి, మొన్ననే ఎవరో అద్దెకు దిగిన పై వాటా తలుపు తాళం తీస్తున్నాడు.