బాగుందని రాసిన లైను

"మొన్న కొల్లేటికోటలో మా సారమ్మని పాము కరిచిందండీ. బండి పంపమని ఆసుపత్రికి పదిసార్లు ఫోన్ చేశానండీ. ఒక్కసారీ కలవలేదు. నా చేతుల్లోనే పోయింది," అన్నాడు పాపారావు.

ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంజనీరు పెర్సిస్ తల దించుకుంది. మొన్న ఆకివీడు దగ్గర కేబుల్ తెగగానే కంప్యూటరు కాల్సన్నిటినీ మండవల్లి ఫైబర్ లైను మీదికి మళ్ళించింది. ఆ ఫైబర్ ఎప్పుడో పాడైంది. వెళ్ళి పరీక్షించకుండానే అది బాగుందని కంప్యూటరులో ఎక్కించింది తనే.

ఆఫీసరు సూర్యనారాయణ కంప్యూటరు తెర చూపించాడు. "లైను బాగానే ఉందండీ. కంగారులో మీరే నంబరు తప్పు నొక్కి ఉంటారు."

పాపారావు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత పెర్సిస్ వైపు తిరిగాడు.

"అంటే మా ఆవిణ్ణి నేనే చంపుకున్నానా అమ్మా?"

పెర్సిస్ అతనికి మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"కంగారులో ఎవరికైనా జరుగుతుందండీ," అంది.