గదితో పాటు ఆయన కూడా

"దోమతెర చిరిగింది. కుళాయిలో నీళ్ళు రావట్లేదు. సెలవులకని కంపాలా నుంచి ఈ దీవి దాకా వచ్చి ఇందులో పడుకోవాలా?" నకిమేరా గది మధ్యలో నిలబడి ఈసడించింది.

"తెర ఇప్పుడే కుట్టేస్తా. నీళ్ళు మోసిపెడతా. కాదనకక్కా," ఆ ఒంటిగది లాడ్జి నడిపే నలుగ్వా బతిమాలింది.

తలుపు చాటున సర్దిపెట్టిన సంచి ఒకటి నకిమేరా కంటబడింది. "ఇదెవరిది?"

"నాదే. గదిలో మనిషి దిగితే నేను పడవెక్కి మా చెల్లెలింటికి పోతా. నాకు సెలవులంటే అవే. ఎవరూ దిగక ఐదు నెలలైంది. మా ఆయన ఇక్కడే ఉంటాడు, అరటికాయలతో మటోకే బాగానే వండిపెడతాడు. కాకపోతే వాగుతాడు."

"మా ఆయన వాగుడు పడలేకే నేనిక్కడికి వచ్చా."

"మీ ఆయనకైతే ఊఁ కొట్టాలి. మా ఆయనకి నువ్వు ఊఁ కొట్టక్కర్లేదుగా."

నకిమేరా సంచి తీసి నలుగ్వా చేతిలో పెట్టింది.

"ఇంకా నిలబడ్డావేం? పడవ వెళ్ళిపోతుంది."